డీలింటింగ్ రంపాలకు పదును పెట్టే మిషన్ కొనబోతున్నారా? డబ్బు కట్టే ముందు మీ పాత షాఫ్టు పట్టుకెళ్లండి

పత్తి గింజల మిల్లులు, ఆయిల్ మిల్లులు నడుపుతున్న అన్నలకు, తమ్ముళ్లకు నమస్తే. కొత్త పత్తి రావడానికి ఇంకా టైం ఉంది కాబట్టి చాలామంది ఇప్పుడే మిషన్లకు ఆర్డర్లు ఇస్తుంటారు. రంపాలకు పదును పెట్టే ఆటోమేటిక్ మిషన్ కొందామని ఎవరైనా అనుకుంటుంటే ఒక్క పది నిమిషాలు ఆగి ఇది చదవండి. నేను పోయినేడాది 4,01,200 రూపాయలు పోసి తెలుసుకున్న సంగతి ఇది.

మాది వరంగల్ పక్కన చిన్న మిల్లు. రెండు డీలింటింగ్ మిషన్లు, అంటే పత్తి గింజ మీద మిగిలిన నూగును గీకి తీసేవి, ఒక్కోదానికి 141 గుండ్రటి రంపపు బిళ్లల షాఫ్టు. జిన్నింగ్, అంటే గింజ నుంచి దూది వేరుచేయడం, ఒక్కటే చేసేవాళ్లకు ఈ బాధ అంతగా తెలియదు. మన దగ్గర ఎక్కువగా డబుల్ రోలర్ జిన్నులే కదా, తోలు రోలర్లకు గాడులు కోయించుకుంటే పని నడుస్తుంది. అమెరికాలో మాదిరిగా రంపాల జిన్ను ఉన్నవాళ్లకు, మాలాగా గింజ మీది నూగు తీసేవాళ్లకు మాత్రం రంపమే ప్రాణం. మా బిళ్లకు 330 పళ్లు. 141తో గుణిస్తే ఒక్క షాఫ్టుకే 46,530 పళ్లు. పొద్దస్తమానం గింజను గీకుతూ తిరిగే పళ్లు మొద్దుబారక ఏమవుతాయి? మొద్దుబారాయంటే మోటారు ఆంపియర్లు పెరుగుతాయి, గింజ నూగుతోనే బయటికి పోతుంది, లింటర్స్ (గింజ మీంచి తీసిన నూగు) తూకం పడిపోతుంది.

ఇన్నాళ్లూ గుంటూరు నుంచి ఒక పెద్దాయన తన పాత మిషన్ వేసుకుని వచ్చి షాఫ్టుకింత అని తీసుకుని పదును పెట్టి వెళ్లేవాడు. చెయ్యి తిరిగిన మనిషి. కాకపోతే సీజన్లో ఆయన కోసం పది మిల్లులవాళ్లు కాచుక్కూర్చుంటారు. ఆయన వచ్చేదాకా మొద్దు రంపాలతో ఈడ్చుకురావాలి. ఇదంతా ఎందుకు, మనకే ఒక మిషన్ ఉంటే పోలా అనుకున్నాను.

ఫోన్లో ఒక వీడియో వచ్చింది. తళతళలాడే రంపపు బిళ్ల, దాని మీద ఆకురాయి టకటకమని కొడుతుంటే పన్ను పన్నూ వజ్రంలా మెరుస్తోంది. ఫోన్ చేస్తే, షాఫ్టు మొత్తం రెండు గంటల్లో అయిపోతుంది, పక్కన మనిషి కూడా అక్కర్లేదు అన్నారు. పంపిన బ్రోచర్లో "ఎలీ విట్నీ కనిపెట్టిన అమెరికన్ రంపాల టెక్నాలజీ" అని పెద్ద అక్షరాలు. విట్నీ 1794లో పేటెంటు తీసుకున్న జిన్నుకు ఉన్నవి తీగ మొనలు. గుండ్రటి రంపపు బిళ్లలు 1796లో హాడ్జెన్ హోమ్స్ పేటెంటుతో వచ్చాయి. అది తెలిసి కూడా నవ్వుకుని ఊరుకున్నాను. నవ్వుకోవాల్సింది నన్ను చూసి.

మిషన్ 3,40,000, దాని మీద 18 శాతం జీఎస్టీ. సగం ముందు, సగం లారీ ఎక్కించే ముందు. దసరాకు పూజలో పెట్టుకోవచ్చు అన్నారు. అది వచ్చేసరికి కార్తీక పౌర్ణమి దాటింది, యార్డులో పత్తి పోటెత్తుతోంది.

మొదటి రోజే షాఫ్టు ఎక్కించాం. మొదటి నాలుగు బిళ్లలు బాగానే అయ్యాయి. అయిదో బిళ్ల మీద చప్పుడు మారింది. ఆపి చూస్తే ఆకురాయి రెండు పళ్ల మధ్య గాడిలో కాకుండా పన్ను మొన మీద దిగుతోంది. మా ఫిట్టరు బాబాయి టార్చి వేసి చాలాసేపు చూసి అసలు విషయం పట్టుకున్నాడు. ఆ మిషన్లో ఒక కొక్కెం ఉంటుంది. అది ఒక్కో పన్నునూ పట్టుకుని బిళ్లను ముందుకు తోస్తుంది, తోసిన ప్రతిసారీ ఆకురాయి ఒకసారి దిగుతుంది. పళ్లన్నీ ఉన్న బిళ్లకు ఇది చక్కగా పనిచేస్తుంది. కానీ నడిచిన రంపంలో రాయో ఇనప ముక్కో తగిలి అక్కడక్కడ పళ్లు విరిగి ఉంటాయి, వంగి ఉంటాయి. పన్ను లేని చోట కొక్కేనికి తోయడానికి ఏమీ దొరకదు. జారుతుంది, లెక్క తప్పుతుంది, ఆకురాయి మాత్రం ఆగదు. ఒక పన్ను లేకపోయిన పాపానికి దాని పక్కన పళ్లన్నీ తలలు పోగొట్టుకున్నాయి.

రెండో గొడవ బిళ్లల సైజు. పదేపదే పదును పెడితే బిళ్ల అరుగుతుంది, చుట్టుకొలత తగ్గుతుంది. మధ్యలో విరిగినవి తీసి కొత్తవి వేస్తాం. కాబట్టి ఒకే షాఫ్టులో అరిగిన బిళ్ల, కొత్త బిళ్ల పక్కపక్కనే ఉంటాయి. ఈ మిషన్లో ఆకురాయి దిగే లోతు ఒక్కసారి బిగిస్తే అన్నిటికీ అంతే. కొత్త బిళ్లను లోతుగా కోస్తుంది, అరిగినదాన్ని తాకీ తాకనట్టు వదిలేస్తుంది. ప్రతి బిళ్లకూ మనమే తిప్పి సరిచేసుకోవాలంటే బిళ్లకు రెండున్నర నిమిషాలు పట్టింది. షాఫ్టుకు ఆరు గంటలకు ఓ ఏడెనిమిది నిమిషాలు తక్కువ. రెండు గంటలని చెప్పింది దీన్నే.

అసలు భయపెట్టింది ఇది కాదు. ఆకురాయి కోసినప్పుడు పన్ను పక్కలకు సన్నటి ఇనప పొర లేచి అక్కడే అతుక్కుని ఉండిపోతుంది. గుంటూరు పెద్దాయన పదును పెట్టాక షాఫ్టును ఇసుక పెట్టెలో కాసేపు తిప్పేవాడు. అదేదో ఆయన చాదస్తం అనుకునేవాణ్ణి. మేం తిప్పకుండానే బిగించాం. బిళ్లకూ పక్కన రిబ్బుకూ (బిళ్లల మధ్య ఉండే ఇనప పట్టీ) మధ్య ఉండే సందు ఎంత? ఆ పొర రిబ్బుకు రాసుకుని నిప్పురవ్వ లేచింది. లింటర్స్‌కు రవ్వ చాలు. అదృష్టం కొద్దీ మనుషులు పక్కనే ఉన్నారు, తడి గోనెలు కప్పి ఆర్పారు, రెండు బోరాల సరుకుతో పోయింది. నడిరాత్రి అయి ఉంటే ఈ పోస్టు రాసే ఓపిక నాకు ఉండేది కాదు.

మిషన్ అమ్మినవాళ్లకు ఫోన్ చేశాను. అవతలి మనిషి చాలా మర్యాదగా, "సార్, మీ బ్లేడ్లు పాతవి, అందుకే అలా" అన్నాడు.

"కొత్త బ్లేడ్లకు పదును ఎందుకు పెడతానయ్యా?" అన్నాను.

దానికి ఇప్పటిదాకా జవాబు లేదు. మెకానిక్ ఒకసారి వచ్చాడు, వాళ్లే తెచ్చిన కొత్త బిళ్ల మీద నడిపి చూపించాడు, మిషన్ బాగుందని కాగితం మీద నా సంతకం అడిగాడు. పెట్టలేదు. మీరూ పెట్టకండి.

ఇప్పుడు మళ్లీ కొనాల్సి వస్తే నేనేం చేస్తానో చెబుతాను. మా షాఫ్టుల్లో అన్నిటికంటే పాడైనదాన్ని ఆటోలో వేసుకుని అమ్మేవాళ్ల షెడ్డుకే వెళ్తాను. మొత్తం 141 బిళ్లలూ నా కళ్ల ముందు నడపమంటాను. టీ తాగుతూ గంటలు లెక్కపెడతాను. తర్వాత విరిగిన పన్ను పక్కన ఉన్న పళ్ల మొనలను భూతద్దంతో చూస్తాను. వీడియోలో కనపడేది ఒక్క కొత్త బిళ్ల, దానికి ఏ మిషన్ అయినా మెరుగు పెడుతుంది. ఆకురాయి బజారులో దొరికే సైజేనా, వాళ్ల దగ్గరే కొనాలా అని కూడా అడుగుతాను. మాది వాళ్ల దగ్గర తప్ప ఎక్కడా దొరకదు.

ఇంకొకటి. "మేమే తయారుచేస్తాం" అన్నవాళ్ల జీఎస్టీ నంబరును పోర్టల్లో కొట్టి చూడండి. ఎప్పుడు రిజిస్టర్ అయ్యారు, ఏ వ్యాపారం అని రాసుకున్నారు అన్నీ కనపడతాయి. నేను డబ్బు కట్టాక చూశాను. తయారీ అన్న మాటే అందులో లేదు. వారంటీ, షాఫ్టుకు పట్టే టైం, విరిగిన పళ్లున్న బిళ్ల మీద పనిచేస్తుందన్న హామీ, ఇవన్నీ కొటేషన్లోనే రాయించుకోండి. ఫోన్లో చెప్పింది గాల్లో పోతుంది.

వినియోగదారుల కమిషన్‌కు వెళ్దామా అని వకీలును అడిగాను. 2019 చట్టం ప్రకారం వ్యాపారం కోసం కొన్న వస్తువుకు మనం "వినియోగదారు" కింద రాము, సొంతంగా కష్టపడి బతకడానికి కొన్నవాళ్లకే మినహాయింపు అన్నాడు. పది మందిని పెట్టుకుని నడిపే మిల్లుకు ఆ మినహాయింపు దొరకడం కష్టమట. సివిల్ దావా ఒక్కటే దారి. మిషన్ దేనికి కొంటున్నానో ముందే రాసి పంపిన వాట్సాప్ మెసేజ్ ఉంది కాబట్టి కొంత బలం ఉందన్నాడు. నోటీసు పంపాం. అందుకే ఇక్కడ పేరు రాయడం లేదు, కామెంట్లలో అడగొద్దు.

మిషన్‌కు గోనె కప్పి ఉంచాను. తలలు పోయిన పళ్లున్న షాఫ్టు కూడా షెడ్డు గోడకు ఆనించే ఉంది. ఆర్డర్ ఇచ్చే ముందు ఎవరైనా చూడాలనుకుంటే మెసేజ్ పెట్టి రండి, టార్చి వేసి చూపిస్తాను. గుంటూరు పెద్దాయనకు ఈ సీజన్ కోసం అడ్వాన్సు ఇచ్చేశాను, ఇసుక కూడా జల్లెడ పట్టించి పెట్టాను.