సెయింట్ ఫేగన్స్‌లో మూడు రైతు ఇళ్లు: ఉన్నది గంటే అయితే ఏది చూడాలి?

వేల్స్ రాజధాని కార్డిఫ్‌కి ఎవరొచ్చినా ఊరి శివార్లలోని సెయింట్ ఫేగన్స్ మ్యూజియానికి తీసుకెళ్లడం మాకు అలవాటు. టికెట్టు లేదు, కావలసినంత పచ్చదనం. వేల్స్ నలుమూలల నుంచి పాత ఇళ్లను విప్పి తెచ్చి, మళ్లీ నిలబెట్టిన చోటు ఇది, 1948లో తెరిచారు. అక్కడ అడుగు పెట్టగానే అత్తయ్యలూ బాబాయిలూ అనే మాట ఒకటే: "ఇన్ని తిరిగే ఓపిక లేదురా, మంచిది ఒక్కటి చూపించు."

ఎవరైనా ముందు చూపించేది కెనిక్స్టన్. గావర్ ద్వీపకల్పం నుంచి వచ్చిన రాతి ఇల్లు, గడ్డి కప్పు, గోడలంతా నెత్తురు రంగు. ఆ ఎరుపు సోకు కోసం వేసింది కాదు, దుష్టశక్తులు దగ్గరికి రాకుండానట. గుమ్మం దగ్గర చెక్కిన బొమ్మలు, తోటలో ఎర్రపళ్ల రోవన్ చెట్టు, అన్నీ అందుకే. వాకిట్లో బూడిద గుమ్మడికాయ కట్టుకునేవాళ్లకి వేరే చెప్పాలా! 1610లో కట్టి, చేతిలో డబ్బు ఆడినకొద్దీ 1680 ప్రాంతంలో ఒకసారి, 1750 ప్రాంతంలో మరోసారి పెంచారు. లోపల పొయ్యి పక్కనే అల్మారాలాంటి పెట్టె మంచం. ఫొటోకి దీన్ని మించింది లేదు, ఒప్పుకుంటాను.

కానీ నా ఓటు హెండ్రెకి. పూర్తి పేరు హెండ్రెర్-అవిద్ ఇఖావ్. నాకూ నోరు తిరగదు. హెండ్రె అంటే వేల్స్ భాష వెల్ష్‌లో చలికాలం ఉండే పాత ఇల్లు. ఎండాకాలం గొడ్లను తోలుకుని కొండమీది వేసవి ఇల్లు హవోడ్‌కి పోయేవాళ్లు, చలి మొదలయ్యేసరికి హెండ్రెకి దిగేవాళ్లు. ఉత్తరాన డెన్‌బిషైర్ నుంచి తెచ్చిన ఈ ఇంటి కర్ర 1508 నాటిదని చెట్టు వలయాలు చూసి తేల్చారు.

దీని గొప్పంతా ఎముకల్లో ఉంది. సహజంగా వంగిన ఓక్ మానును నిలువునా చీలిస్తే ఒకే వంపున్న రెండు దూలాలొస్తాయి. వాటిని ఎదురెదురుగా నిలిపి కొనలు కలిపితే, నేల నుంచి వెన్నుగాడి దాకా ఒకటే జత. అలాంటి జతల మధ్య అయిదు అంకణాలు (అవును, మన అంకణమే, ఇంతకన్నా సరైన మాట దొరకదు). కప్పు బరువంతా ఆ జతలదే, గోడలది కాదు. అందుకే గోడలకి తడిక అల్లి మట్టి మెత్తితే సరిపోయింది. కిటికీలకి అద్దాల్లేవు, నిలువు కర్రలే. పొగగొట్టమూ లేదు: మంట నేల మధ్యలో, పొగ తనకి దొరికిన సందులోంచి పోవాలి. దిగువ అంకణాలు గొడ్లవి. నిప్పు రాజేసి ఉన్నరోజు వెళ్తే కళ్లు మండుతాయి, చొక్కాకి పట్టిన వాసన ఇంటిదాకా వస్తుంది.

మూడోది కిలెవెంట్, రాయడర్ దగ్గరి క్లైర్వెన్ లోయది. 15వ శతాబ్దంలో కర్ర ఇల్లుగా పుట్టి, 18వ శతాబ్దంలో రాతి గోడలు తొడుక్కుంది. మనుషులు ఒక చివర, పశువులు ఇంకో చివర ఉండే పొడుగిల్లు. గొడ్ల కొట్టం ఎరిగినవాళ్లకి ఇది బాగా నచ్చుతుంది. మా బాబాయి ఇక్కడే ఎక్కువసేపు నిలబడ్డాడు. నాకు మాత్రం హెండ్రె చూశాక ఇది సగం దారిలో ఆగినట్టనిపిస్తుంది.

కాపురానికైతే కళ్లు మూసుకుని కెనిక్స్టనే, వేల్స్ చలిలో ఆ పెట్టె మంచం చాలు. చూడటానికైతే హెండ్రె. అరగంట మిగిలితే ఆ తర్వాత కెనిక్స్టన్‌కి నడవండి, వరస మాత్రం మార్చొద్దు. ముందు హెండ్రె నడింట్లో పొగ పీల్చి వెళ్తేనే అక్కడి పొయ్యికి గొట్టం ఉన్న సంగతి మీ కంటపడుతుంది.