ఒడిశా ఎఫ్‌సీ లెక్కలు సరిగ్గా కావాలంటే ఆర్‌ఎస్‌ఎస్‌ఎస్‌ఎఫ్ చూడండి

ఫుట్‌బాల్ రికార్డుల కోసం ఫోన్‌లో ఒక్క వెబ్‌సైటే ఉంచుకోమంటే నేను ఆర్‌ఎస్‌ఎస్‌ఎస్‌ఎఫ్‌నే ఉంచుకుంటాను. దాని పూర్తి పేరు రెక్ స్పోర్ట్ సాకర్ స్టాటిస్టిక్స్ ఫౌండేషన్. 1994 జనవరిలో మొదలైంది. రకరకాల దేశాల్లో ఉన్న ఫుట్‌బాల్ అభిమానులు జీతం భత్యం లేకుండా, ఇష్టం కొద్దీ రాసి పెడుతున్న లెక్కలవి. డబ్బు కట్టనక్కర్లేదు. లాగిన్ లేదు, ఓటీపీ లేదు. తెల్లటి పేజీ మీద నల్లటి అక్షరాలు, అంతే. బొమ్మలు లేవు కాబట్టి ఒడిశాలోని మా పర్లాకిమిడి దాటి కొండల వైపు వెళ్లి సిగ్నల్ ఒక గీతకి పడిపోయినా పేజీ తెరుచుకుంటుంది.

నేను ఇక్కడ డ్రిల్ మాస్టారిని. మా పిల్లల్లో చాలామంది ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా. సవర ఊళ్ల నుంచి వచ్చేవాళ్లకి ఇంట్లో ఇంకో భాష. గ్రౌండ్‌లో మాత్రం అందరిదీ ఒకటే గొడవ, ఏ జట్టు గొప్పదని. పక్కనే పాతపట్నం నుంచి ఆడడానికి వచ్చే కుర్రాళ్లు హైదరాబాద్ ఎఫ్‌సీ అంటారు, మావాళ్లు భువనేశ్వర్ క్లబ్ ఒడిశా ఎఫ్‌సీ అంటారు. "మాస్టారూ, మీరు చెప్పండి" అని నా మీదికి వస్తారు. చెప్పాలంటే చేతిలో సరైన లెక్క ఉండాలి. అందుకని చాలా యాప్‌లు, సైట్లు చూశాను. చూసిన తర్వాత నాకు గట్టిగా కుదిరిన అభిప్రాయం ఒకటుంది. ఒక క్లబ్ రికార్డు తెలియాలంటే కూడి పెట్టిన మొత్తం కాదు, మ్యాచ్ వారీ జాబితా కావాలి. జాబితా ఉంటే మొత్తం మనం కూడుకోగలం. మొత్తం మాత్రమే ఉంటే అందులోంచి జాబితా రాదు.

ఉదాహరణకి హోం రికార్డు. ఫోన్‌లో స్కోర్లు చూపించే ఒక యాప్‌లో (పేరు చెప్పను) ఒడిశా ఎఫ్‌సీ సొంత గడ్డ మీద ఎన్ని గెలిచింది, ఎన్ని ఓడింది అని ఒక పెద్ద అంకె వేసి చూపిస్తారు. పిల్లలు దాన్నే పట్టుకుంటారు. కానీ ఆ అంకెలో ఏం కలిసిందో చూడండి. 2019-20లో భువనేశ్వర్ కళింగ స్టేడియంలో పనులు జరుగుతుంటే మొదటి హోం మ్యాచ్‌లు పుణెలో ఆడారు. తర్వాత కోవిడ్ వల్ల 2020-21, 2021-22 సీజన్లలో ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) లీగ్ మ్యాచ్‌లన్నీ గోవాలోనే, ప్రేక్షకులు లేని స్టేడియాల్లో జరిగాయి. కాగితం మీద సగం మ్యాచ్‌లు 'హోం'. భువనేశ్వర్ జనం ఒక్కరూ చూడని ఆటలు. వాటిని 2023-24లో కళింగలో జనం ముందు ఆడిన ఆటలతో కలిపేసి ఒకే అంకె చేస్తే అది ఏ సంగతీ చెప్పదు. ఆర్‌ఎస్‌ఎస్‌ఎస్‌ఎఫ్‌లో ఇలా వండి వడ్డించిన హోం రికార్డు ఉండదు. సీజన్ వారీగా, రౌండు వారీగా తేదీ, జట్లు, స్కోరు, చివర పాయింట్ల పట్టిక ఉంటాయి. గోవా రెండు సీజన్లనూ పక్కన పెట్టి మిగతాది మీరే కూడుకోవచ్చు. నేను పిల్లల చేత అదే చేయిస్తాను.

సగటు సంగతి కూడా ఇంతే. 2020-21లో ఒడిశా 20 మ్యాచ్‌లు ఆడి 2 గెలిచింది, 6 డ్రా, 12 ఓటమి. 12 పాయింట్లతో 11 జట్లలో ఆఖరి స్థానం. కొట్టిన గోల్స్ 25, ఇచ్చుకున్నవి 44. ఆటకి ఒకటింబావు గోల్ అన్నమాట, మరీ ఘోరంగా కనబడదు. ఇప్పుడు జాబితా చివరికి వెళ్లండి. 2021 ఫిబ్రవరి 27న ఆఖరి మ్యాచ్‌లో ఈస్ట్ బెంగాల్ మీద 6-5. ఐఎస్ఎల్ చరిత్రలో ఒక మ్యాచ్‌లో 11 గోల్స్ పడడం అదే మొదలు. ఆ ఒక్క ఆట తీసేస్తే 19 మ్యాచ్‌ల్లో 19 గోల్స్. ఆటకి ఒక్కటే. ఆ సీజన్ ఎందుకంత ఘోరంగా పోయిందని అడిగే పిల్లవాడికి ఆ పంతొమ్మిది వరసలు చూపిస్తే సగం జవాబు దొరుకుతుంది. మరుసటి సీజన్‌లో, 2021 నవంబర్ 30న, మళ్లీ ఈస్ట్ బెంగాల్ మీదే 6-4. రెండు ఆటల్లో 21 గోల్స్! ఈ రెండు స్కోర్లు చెబితే పాతపట్నం కుర్రాళ్లు మొదట నమ్మలేదు. పేజీ తెరిచి చూపించాను.

నాకు అన్నిటికంటే ఇష్టమైన వరస 2023-24 ఏఎఫ్‌సీ కప్‌ది, అంటే ఆసియా దేశాల క్లబ్బుల పోటీది. అంతకుముందు 2023 ఏప్రిల్ 25న కోజికోడ్‌లో మన దేశపు క్లబ్బుల పోటీ సూపర్ కప్ ఫైనల్లో బెంగళూరును 2-1తో ఓడించడం వల్లే ఆసియా దారి తెరుచుకుంది. రెండు గోల్సూ డియెగో మౌరీసియోవే. అప్పుడు తాత్కాలిక కోచ్‌గా ఉన్నది గోవా మనిషి క్లిఫర్డ్ మిరాండా. క్లబ్‌కి అదే మొదటి ట్రోఫీ. ఇక ఏఎఫ్‌సీ కప్ గ్రూప్ మొత్తం చూస్తే 6 ఆటలు, 4 గెలుపులు, 2 ఓటములు, కొట్టినవి 17, ఇచ్చినవి 12. బాగుంది అనుకుని ముందుకు పోతాం. వరసగా చదవండి. మొదటి ఆట సొంత మైదానంలో మోహన్ బగాన్ చేతిలో 0-4. రెండోది ఢాకాలో బశుంధరా కింగ్స్ చేతిలో 2-3. రెండు ఆటలకి సున్నా పాయింట్లు. అక్కడి నుంచి మాల్దీవుల మజియా మీద 6-1, మళ్లీ వాళ్ల దేశం వెళ్లి 3-2. నవంబర్ 27న కోల్‌కతా వెళ్లి, తమని నాలుగు గోల్స్‌తో కొట్టిన అదే మోహన్ బగాన్ మీద 5-2. డిసెంబర్ 11న కళింగలో బశుంధరా మీద 1-0, ముర్తదా ఫాల్ గోల్. గ్రూప్‌లో మొదటి స్థానం. ఈ ఆరు వరసలు నేను పిల్లలకి పాఠంలా చదివిస్తాను. ఆ తర్వాత ఆస్ట్రేలియా జట్టు సెంట్రల్ కోస్ట్ మెరైనర్స్ చేతిలో అక్కడ 0-4 ఓడి, ఇక్కడ 0-0 చేసుకుని బయటికొచ్చారు. అదీ చదివిస్తాను.

అదే సీజన్‌లో ఐఎస్ఎల్‌లో 39 పాయింట్లతో నాలుగో స్థానం, సెర్గియో లొబేరా కోచ్. ప్లేఆఫ్‌లో కేరళ బ్లాస్టర్స్ మీద 2-1. ఇక్కడ స్కోరు పక్కన 'ఏఈటీ' అన్న మూడక్షరాలకి చాలా విలువుంది. అదనపు సమయంలో గెలిచారని దానర్థం. 87వ నిమిషం దాకా ఒడిశా 0-1తో వెనకబడి ఉంది. మౌరీసియో సమం చేశాడు, అదనపు సమయంలో ఇసాక్ కొట్టాడు. అదే ఏడాది జనవరిలో సూపర్ కప్ ఫైనల్లో ఈస్ట్ బెంగాల్ చేతిలో 2-3 ఓటమి పక్కనా ఇవే అక్షరాలు. ఎదుటి జట్టుకి స్కోరు సమం చేసింది నందకుమార్, ఒకప్పుడు మన జట్టులో ఆడినవాడే. ఈ గుర్తులు నేర్చుకోవడానికి ఒక సాయంత్రం చాలు. ఆడిన స్కోరు రద్దు చేసి కమిటీ ఒక జట్టుకి మ్యాచ్ ఇచ్చేస్తే 'ఎడబ్ల్యుడి' అని ఉంటుంది. మధ్యలో ఆగిపోయిన ఆటకి 'ఎబిడి'. 2024 మార్చిలో జంషెడ్‌పూర్, ముంబయి 1-1గా ఆడిన ఆటని, భారత ఆటగాళ్ల సంఖ్య నిబంధన తప్పినందుకు తర్వాత ముంబయికి 3-0గా ఇచ్చారు. మొత్తాలు మాత్రమే చూసేవాళ్లకి ఆ మూడు గోల్స్ ఎవరు కొట్టారో ఎప్పటికీ అర్థం కాదు. ఎవరూ కొట్టలేదు.

ఢిల్లీ డైనమోస్ తగాదా కూడా చెప్పాలి. 2014లో ఢిల్లీలో పుట్టిన ఆ క్లబ్ 2019 ఆగస్టులో భువనేశ్వర్ వచ్చి ఒడిశా ఎఫ్‌సీ అయింది. డెల్ పియెరో, రాబర్టో కార్లోస్, మలూడా లాంటి విదేశీ పెద్ద ఆటగాళ్లు ఆడిన రోజులు, 2015, 2016 సెమీఫైనల్స్, ఇవన్నీ ఒడిశా ఖాతాలో వేయాలా? కొన్ని చోట్ల వేస్తున్నారు, కొన్ని చోట్ల లేదు. అందుకే రెండు చోట్ల రెండు మొత్తాలు కనబడతాయి. నా మటుకు నేను 2019 నుంచే లెక్క వేస్తాను. ఢిల్లీ జనం ఈల వేసి ఆడించిన ఆటలు ఢిల్లీవే. మీరు వేరేగా అనుకుంటే తేదీ వారీ జాబితా ఉంది కాబట్టి 2014 నుంచి కూడుకోండి, ఎవరూ కాదనరు.

అమ్మాయిలకి ఒక మాట. ఒడిశా ఎఫ్‌సీ మగ జట్టు ఇంకా లీగ్ గెలవలేదు. ఆడవాళ్ల జట్టు 2023-24 ఇండియన్ విమెన్స్ లీగ్ గెలిచింది, అదీ వరసగా మూడుసార్లు నెగ్గిన గోకులం కేరళను దాటి. మా బళ్లో ఈ సంగతి నోటీసు బోర్డు మీద పెద్దక్షరాలతో రాయించాను. క్లబ్ రికార్డు అన్నప్పుడు ఇది కూడా అందులోనే ఉండాలి.

తెలుగువాళ్లకి ఈ చోటు మరీ ముఖ్యం, ఎందుకంటే పాత హైదరాబాద్ ఇక్కడ దొరుకుతుంది. ఇప్పటి స్కోర్ యాప్‌లకి భారత ఫుట్‌బాల్ అంటే 2014 తర్వాతే. ఇక్కడ 1888లో మొదలైన డ్యూరాండ్ కప్ విజేతలూ, ఆగిపోయిన రోవర్స్ కప్ విజేతలూ వరసగా ఉంటారు. రోవర్స్ జాబితాలో 1950 దగ్గర ఆగండి. 1950, 51, 52, 53, 54. అయిదేళ్లూ హైదరాబాద్ సిటీ పోలీస్. వేరే పేరు లేదు. ఆ జట్టుకి కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం, 1951, 1962 ఆసియా క్రీడల్లో భారత్‌కి బంగారు పతకం తెచ్చిపెట్టిన మనిషి. 2022లో హైదరాబాద్ ఎఫ్‌సీ పెనాల్టీల్లో ఐఎస్ఎల్ గెలిచినప్పుడు మా పాతపట్నం కుర్రాళ్లు ఇదే మొదలు అన్నట్టు ఎగిరారు. వాళ్లని కూర్చోబెట్టి ఆ అయిదు వరసలు చదివించాను. అందులో ఒకడు తన నోట్‌బుక్‌లో రాసుకుని వెళ్లి వాళ్ల తాతకి చూపించాడట. ఆయనకి పోలీస్ జట్టు పేరు ఇంకా గుర్తుందని మర్నాడు వచ్చి చెప్పాడు.

ఇందులో దొరకనివి ముందే తెలుసుకుని వెళ్లండి. అంతా ఇంగ్లీషే. ఫోటోలు, వీడియోలు ఉండవు. ఎన్ని పాసులు, ఎన్ని షాట్లు, బంతి ఎవరి దగ్గర ఎంతసేపు ఉంది, ఇలాంటివి ఉండవు. లైవ్ స్కోర్ కోసం ఇది కాదు. ఫోన్ నిలువుగా పట్టుకుంటే వరసలు విరిగి పట్టిక చెదిరిపోతుంది, అడ్డంగా తిప్పి చూడండి. వెతకడానికి సులువైన దారి, దేశాల జాబితాలో ఇండియాకి వెళ్లి సీజన్ ఎంచుకోవడం. ఒక్కో ఆటగాడి వయసు, పాత క్లబ్బులు, ఏ సీజన్‌లో ఎన్ని ఆటలు అన్నవి కావాలంటే ట్రాన్స్‌ఫర్‌మార్క్ట్ బాగుంటుంది. 2000లో జర్మనీలో మొదలైన సైట్ అది. పేజీ బరువు ఎక్కువ కాబట్టి వైఫై ఉన్నచోట చూసుకోండి. అందులో కనబడే ఆటగాడి ధర ఎవరో ఇచ్చిన రేటు కాదు, అంచనా మాత్రమే అని పిల్లలకి ముందే చెప్పండి, లేకపోతే దాని మీద ఇంకో గొడవ.

బళ్లో ఆటలు నడిపే మాస్టార్లు, ఊరి టోర్నమెంట్లకి స్కోరర్‌గా కూర్చునేవాళ్లు దీన్ని తప్పకుండా చూడాలి. మా బళ్లో ఇప్పుడు ఒక పొడుగు రిజిస్టర్ ఇదే పద్ధతిలో పెట్టాం. తేదీ, ఎవరితో, ఏ గ్రౌండ్, స్కోరు, గోల్ కొట్టినవాడి పేరు, నిమిషం. చివరి గడి రిమార్కులకి వదిలాం. ఎదుటి జట్టు రాకపోతే 3-0 అని ఊరికే వేసుకోం, రాలేదని రాస్తాం. వాన పడి ఆగితే ఏ నిమిషంలో ఆగిందో రాస్తాం. ఏడాది చివర మొత్తాలు కూడే పని తొమ్మిదో తరగతి వాళ్లది. ఇద్దరు విడివిడిగా కూడాలి, రెండూ కలిశాకే బోర్డు మీదికి వెళ్తుంది.