122.5 మి.మీ. ఇరుసు తీసి 110.5ది వేశాక: నాలుగేళ్ల బాటమ్ బ్రాకెట్ అనుభవం

నా సైకిలుకి మొదట మూడు చైన్‌రింగుల (చైన్ తిరిగే ముందు పళ్ల చక్రాల) క్రాంక్‌సెట్, అంటే ఆ చక్రాలూ పెడళ్ల చేతులూ కలిసిన భాగం, ఉండేది. దాన్ని తీసి రెండు రింగులది పెట్టుకుని నాలుగేళ్లు దాటింది. ఈలోపు 11,000 కిలోమీటర్ల పైనే తొక్కాను. క్రాంక్ బాగుంది. కానీ నాకు అసలు పాఠం నేర్పింది దాని వెనకున్న బాటమ్ బ్రాకెట్, అంటే క్రాంక్ తిరిగే ఇరుసూ బేరింగులూ ఉన్న భాగం.

కొత్త క్రాంక్ పాత ఇరుసు మీద చక్కగా కూర్చుంది. రెండూ చతురస్రపు కొనలవే కాబట్టి సరిపోయిందనుకున్నాను. మర్నాటి నుంచే ఎత్తు ఎక్కే గేర్లలో చైన్ గరగరమనడం మొదలైంది. ముందు డిరైలర్‌ని (చైన్‌ని ఒక రింగు నుంచి ఇంకో రింగుకి మార్చే భాగాన్ని) ఎంత బయటికి జరిపినా చైన్ పెద్ద రింగు మీదికి సరిగా ఎక్కేది కాదు. వారం రోజులు డిరైలర్‌నే తిప్పుతూ కూర్చున్నాను. తప్పు అక్కడ లేదు.

చివరికి చైన్‌లైన్ కొలిచాను. అంటే సీటు గొట్టం నడిమి నుంచి రెండు రింగుల మధ్య చోటు వరకు ఉండే దూరం. 49.5 మి.మీ. వచ్చింది. రోడ్డు సైకిలు రెండు రింగుల క్రాంక్‌కి ఉండాల్సింది 43.5. అంటే రింగులు 6 మి.మీ. లోపలికి రావాలి. ఇరుసు రెండు వైపులా సమానంగా తగ్గుతుంది కాబట్టి మొత్తం 12 తగ్గాలి. పాతది 122.5, కావలసింది 110.5. ఇంత చిన్న లెక్క!

ఫ్రేమ్ నిర్ణయించేది బాటమ్ బ్రాకెట్ దూర్చే గొట్టం వెడల్పు, మరలు మాత్రమే. నాది 68 మి.మీ. వెడల్పు, ఇంగ్లిష్ మరలు. ఇటాలియన్ ఫ్రేమ్ అయితే 70 ఉంటుంది, మరలూ వేరు. ఇరుసు పొడవు మాత్రం క్రాంక్ చెప్పాలి. అందుకే పాత బాటమ్ బ్రాకెట్ మీద రాసిన పొడవు చూసి అదే కొనకండి. క్రాంక్ తయారీదారు ఇచ్చిన కొలత వెతకండి. కొనల వాలులో కూడా షిమానో వాడే జేఐఎస్ (జపాన్ ప్రమాణం), కాంపాగ్నోలో వాడిన ఐఎస్ఓ (అంతర్జాతీయ ప్రమాణం) అని రెండు రకాలున్నాయి. జేఐఎస్ క్రాంక్‌ని ఐఎస్ఓ ఇరుసుకి వేస్తే దాదాపు 4.5 మి.మీ. ఎక్కువ లోపలికి వెళ్తుంది. అప్పుడు పై లెక్కంతా తప్పుతుంది.

విప్పేటప్పుడు ఇంకో జాగ్రత్త. ఇంగ్లిష్ మరల్లో చైన్ వైపు కప్పుకి (బాటమ్ బ్రాకెట్‌ని గొట్టంలో బిగించే మరల రింగుకి) ఎడమ మర ఉంటుంది. గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితేనే ఊడుతుంది. తొక్కుతున్నప్పుడు కప్పు తనంతట తాను వదులవకుండా అలా పెట్టారు. మరలకి గ్రీజు రాయకుండా బిగించొద్దు.

110.5 వేసిన రోజే గరగర పోయింది. రెండు పెడళ్ల మధ్య దూరం 12 మి.మీ. తగ్గడంతో మోకాళ్లకి కూడా హాయిగా అనిపించింది, అది నేను ఊహించలేదు. చిన్న రింగుకీ ఫ్రేమ్‌కీ మధ్య 4 మి.మీ. ఖాళీ మిగిలింది. ఇరుసు ఇంకా పొట్టిదైతే అక్కడ రాసుకునేదేమో.

ఈ నాలుగేళ్లలో ఒక్కసారి కిర్రుమంది. క్రాంక్ విప్పి, తుడిచి, బోల్టుని టార్క్ రెంచ్‌తో (ఎంత బలంతో బిగించామో చూపే పానాతో) 40 న్యూటన్ మీటర్లకి బిగిస్తే మళ్లీ వినపడలేదు. మొన్న చైన్ తీసి క్రాంక్‌ని చేత్తో తిప్పి చూశాను. బేరింగుల్లో ఎక్కడా గరుకు లేదు, పక్కకి ఊపితే కదలికా లేదు.