కోరంగి మడ అడవిలో కుక్కతో నడక అని డబ్బు తీసుకుంటున్నారు, జాగ్రత్త!

కాకినాడ, యానాం, రామచంద్రపురం చుట్టుపక్కల కుక్కల్ని పెంచుకునేవాళ్లంతా దయచేసి ఇది చదవండి. ఆ ఆకుపచ్చ పోస్టర్ మీ ఫోన్లకీ వచ్చే ఉంటుంది. "కోరంగి ఏటి వెంట, మడ అడవి నీడలో, మీ కుక్కతో కలిసి సముద్రం దాకా నడక" అని. అవును, వాళ్లే. మనిషికి రూ.1,200, కుక్కకి రూ.800. నేను, నాన్నగారు, మా బుజ్జిగాడు. మొత్తం రూ.3,200 ముందే కట్టించుకున్నారు. నిన్న పొద్దున్నే వెళ్లాం. కోపం ఇంకా తగ్గలేదు, అందుకని ఎక్కడైనా ముందువెనుకలుగా చెబితే ఏమనుకోకండి.

చొల్లంగి దాటి అభయారణ్యం గేటు దగ్గర ఆగాం. మాతోపాటు ఇంకో రెండు కుటుంబాలు వచ్చాయి. ఒకరిది లాబ్రడార్, ఒకరిది పగ్. గేటు దగ్గరున్న అటవీ ఉద్యోగి కుక్కల్ని చూడగానే చెయ్యి అడ్డం పెట్టారు. "వీటిని లోపలికి రానివ్వమండీ. మిమ్మల్ని ఎవరు తెమ్మన్నారండీ?" అని అడిగారు. ఆయన్ని నేను ఒక్క మాట కూడా అనను. ఆయన పని ఆయన చేశారు, మర్యాదగా చేశారు.

మేమంతా నిర్వాహకుడి వైపు చూశాం. అతను తాపీగా, "కుక్కని తెచ్చుకోమన్నాను గానీ లోపలికి తీసుకెళ్లొచ్చని నేనెప్పుడన్నాను మేడం?" అన్నాడు. వెంటనే ఫోన్ తీశాను. ముందు రోజు రాత్రే అతను నాకు మెసేజ్ పెట్టాడు: "పర్మిషన్ తీసుకున్నాం, డాగ్స్ లోపలికి ఓకే, టెన్షన్ పడకండి." అది తెరిచి అతనికి చూపించబోతున్నాను. ఈలోపు అతని బొటనవేలు అతని ఫోన్ మీద కదిలింది. నా చేతిలోని ఫోన్‌లో, నా కళ్లముందే, ఆ మాటలు పోయి మెసేజ్ డిలీట్ చేశారని చెప్పే బూడిదరంగు లైను ఒక్కటే మిగిలింది. తలెత్తి చూస్తే నవ్వుతున్నాడు. "ఏదండీ మెసేజ్? చూపించండి."

నాకు నోట మాట రాలేదు. నాన్నగారు ముందుకొచ్చి, "బాబూ, ఇది పద్ధతి కాదు, మా డబ్బులు మాకిచ్చెయ్" అన్నారు. ఆయన వయసు డెబ్బై దాటింది. ఆయనతో అతనన్న మాట యథాతథంగా రాస్తున్నాను: "లాబ్రడార్ అయితే అర్థముంది అంకుల్. ఇది ఊరకుక్కేగా. ఆ చెట్టుకి కట్టేసి రండి, ఎక్కడికీ పోదు. పోయినా ఇంకోటి దొరుకుద్ది."

బుజ్జిగాడు ఊరకుక్కే. మా వీధిలో వర్షానికి తడిసి వణుకుతున్న పిల్లని ఇంట్లోకి తెచ్చి పెంచుకున్నాం. టీకాలన్నీ వేయించాం, లైసెన్సు ఉంది. అమ్మ పోయాక నాన్నగారు పొద్దున్నే లేచి బయటికి అడుగు పెడుతున్నారంటే వాడి వల్లే. డబ్బు పోయినా ఇంత బాధ ఉండేది కాదు. అతను ఆ మాట అంటున్నప్పుడు నాన్నగారి చెయ్యి వాడి తల మీదే ఉంది.

ఇంటికొచ్చాక శాంతంగా ఆలోచిస్తే ఆ పోస్టర్‌లో మొదటి మాటే అబద్ధమని తేలింది. మడ అడవిలో ఏటి పొడవునా నడవడం కుదిరే పని కాదు. అక్కడ గోదావరి ఏటిగట్టులాంటి గట్టే ఉండదు. రోజుకు రెండుసార్లు పోటు వస్తుంది, రెండుసార్లు పాటు తీస్తుంది. నీరు తీసిన చోట మోకాటి లోతు బురద, ఆ బురదలోంచి మేకుల్లా పైకి పొడుచుకొచ్చిన మడ వేళ్లు. ఆ వేళ్లతోనే ఆ చెట్లు గాలి పీల్చుకుంటాయి. తొక్కితే చెట్టుకీ దెబ్బే, కాలికీ దెబ్బే. తిల్ల చెట్లు కూడా ఉంటాయి, వాటి పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం. మనుషులు నడవాలంటే అటవీ శాఖ వేసిన చెక్కల వంతెన మీదే నడవాలి, లేదంటే పడవ ఎక్కాలి. సముద్రం దాకా నడిపిస్తామని డబ్బు తీసుకునేవాడికి ఈ సంగతి తెలియదనుకోవాలా?

కుక్కల్ని వద్దనడానికి కూడా గట్టి కారణమే ఉంది. 1978లో అభయారణ్యంగా ప్రకటించిన చోటు అది, 235 చదరపు కిలోమీటర్ల పైన ఉంటుంది. బావురు పిల్లులు (చేపలు పట్టి తినే అడవి పిల్లులు), నీటికుక్కలు (ఆటర్లు), నక్కలు అక్కడే బతుకుతున్నాయి. మన కుక్కల నుంచి డిస్టెంపర్, రేబిస్ లాంటి వైరస్ రోగాలు అడవి జంతువులకి అంటుకోగలవు. వాటి నుంచి మన వాటికీ రావచ్చు. పైకి ఆరోగ్యంగా కనిపించే కుక్క కూడా మూత్రంతో, పెంటతో రోగాన్ని వదిలి రావచ్చు. బావురు పిల్లి అసలే అరుదైన జంతువు. మన ఒక పొద్దుటి సరదా కోసం దాన్ని ప్రమాదంలో పెట్టడం నాకు ఇష్టం లేదు. పోస్టర్‌లో నిజం రాసి ఉంటే మేం ఆ వైపు వెళ్లేవాళ్లమే కాదు.

గొడవ పెద్దదవుతుంటే, "సరే, ఇంకో రూట్ చూపిస్తా, ఇది కూడా ఏటి పక్కనే" అని మమ్మల్ని కార్లలో తీసుకెళ్లి రొయ్యల చెరువుల గట్టు మీద దింపాడు. చెట్టు నీడ లేదు. చెరువు నీళ్లలోకి గాలి కలిపే ఏరేటర్ల హోరు తప్ప ఏమీ వినపడదు. కాసేపటికే కాపలా మనిషి కేకలేస్తూ పరిగెత్తుకొచ్చాడు. ఆయన కోపంలోనూ న్యాయముంది. చెరువుల్లోకి జబ్బులు రాకుండా చుట్టూ వలలు కట్టుకుని, గేటు దగ్గర కాళ్లు కడుక్కుని లోపలికెళ్తారు. రొయ్యలకి తెల్లమచ్చ వైరస్ సోకితే పంట మొత్తం పోతుంది. అలాంటి చోటికి చెప్పకుండా మూడు కుక్కల్ని తోలుకొచ్చాడు ఇతను.

ఆ కంగారులో వెనక్కి తిరుగుతుంటే బుజ్జిగాడు కుంటడం మొదలుపెట్టాడు. కూర్చోబెట్టి ముందు కాలు ఎత్తి చూశాను. అరికాలి మధ్య మెత్త అడ్డంగా తెగి ఉంది, లోపల గవ్వ ముక్క, దాని చుట్టూ నల్ల బురద. వాడు అరవలేదు. నా మణికట్టు నాకుతూ ఉండిపోయాడు. నాన్నగారు కండువా చింపి కట్టారు. ఎండకి పగ్ నోరు తెరిచి రొప్పుతోంది, ముక్కు చప్పిడిగా ఉండే కుక్కలకి వేడి అసలు పడదు. వాళ్లు దాన్ని కారులో పడుకోబెట్టి, ఏసీ వేసి, పొట్టనీ కాళ్లనీ నీళ్లతో తడిపితే గానీ తేరుకోలేదు. నిర్వాహకుడు అప్పటికే బండెక్కి వెళ్లిపోయాడు.

కాకినాడలో డాక్టరు గారు గాయం కడిగి రెండు కుట్లు వేశారు. ఎలుకల మూత్రం కలిసిన నీటి వల్ల లెప్టో (లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు) వస్తుందని, ఆ టీకా వేయించారా అని అడిగారు. వేయించాం కాబట్టి సరిపోయింది. సాయంత్రం డబ్బు అడుగుతూ మెసేజ్ పెడితే నన్ను గ్రూపులోంచి తీసేశారు, నంబర్ బ్లాక్ చేశారు.

ఇలాంటి వాళ్లు ఏది రాసి పంపినా వెంటనే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. అభయారణ్యంలోకి కుక్కల్ని తీసుకెళ్తామని ఎవరు చెప్పినా డబ్బు కట్టకండి. పర్మిషన్ ఉందంటే ఆ కాగితం చూపించమనండి, గేటు దగ్గర మీరే అడిగి కనుక్కోండి. మోసపోయినవాళ్లు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. నేను యూపీఐ రసీదు, పోస్టర్ జతచేసి ఫిర్యాదు పెట్టేశాను. కుక్కతో నది వెంట నడవాలనుంటే జొన్నాడ నుంచి కోటిపల్లి వైపు గౌతమి ఏటిగట్టు ఉంది, ఎవరికీ పైసా కట్టక్కర్లేదు. ఎండెక్కకముందే బయల్దేరండి, తాగే నీళ్లు ఇంటి నుంచే పట్టుకెళ్లండి, ఊళ్లు వచ్చినప్పుడు గొలుసు చేతిలో ఉంచుకోండి.

వచ్చే ఆదివారానికి వాళ్లు మళ్లీ అదే పోస్టర్ తిప్పుతున్నారు. డబ్బు కట్టినవాళ్లు మీలో ఎవరైనా ఉంటే ఇవాళే వెనక్కి అడగండి. నా ఫిర్యాదుతో మీది కూడా కలపాలంటే నాకు చెప్పండి, ఆ లాబ్రడార్ వాళ్లు, పగ్ వాళ్లు ఇప్పటికే సరేనన్నారు.