వేరియంట్ నిజమా కాదా చూసుకోడానికి ఐజీవీ: ఏళ్లు వాడాక నా రివ్యూ

ఐజీవీ అంటే ఇంటిగ్రేటివ్ జీనోమిక్స్ వ్యూయర్, సీక్వెన్సింగ్‌లో చదివిన డీఎన్ఏ ముక్కల్ని (వీటినే రీడ్లంటారు) రిఫరెన్స్ జీనోమ్ మీద పేర్చి చూపించే సాఫ్ట్‌వేర్, బ్రాడ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లది, పేపర్ 2011లో వచ్చింది, ఫ్రీ. ఏళ్లుగా రోజూ వాడుతున్నా కాబట్టి మొహమాటం లేకుండా చెప్తా, వేరియంట్, అంటే డీఎన్ఏలో మార్పు, నిజంగా ఉందా లేదా తేల్చుకోడానికి దీన్ని మించింది నాకు దొరకలేదు, దానివల్ల జబ్బొస్తుందా అంటే మాత్రం ఇది నోరు విప్పదు.

హెచ్‌బీబీ జీన్‌లో సికిల్ సెల్ జబ్బు తెచ్చే మార్పునే తీసుకోండి. హెచ్‌జీ38లో (మనిషి రిఫరెన్స్ జీనోమ్‌కి ఒక వెర్షన్, దీన్నే బిల్డ్ అంటారు) క్రోమోజోమ్ 11, 5227002 దగ్గరికెళ్తే రిఫరెన్స్‌తో కలిసే రీడ్లన్నీ బూడిదరంగులో ఉంటాయి, క్యారియర్ (జీన్ రెండు కాపీల్లో ఒకదాంట్లోనే మార్పున్న మనిషి) అయితే సుమారు సగం రీడ్లలో ఆ ఒక్క నిలువు గీత మీద ఆకుపచ్చ రంగులో ఏ బేస్ (A) కనిపిస్తుంది, పైన ఎన్ని రీడ్లున్నాయో చూపే కవరేజ్ బార్ సగం ఎరుపు (టీ), సగం ఆకుపచ్చ. దాని మీద క్లిక్ చేస్తే ఒక్కో బేస్ ఎన్ని రీడ్లలో ఉంది, అందులో ప్లస్ స్ట్రాండ్ (డీఎన్ఏ రెండు పోగుల్లో ఒకటి) ఎన్ని మైనస్ ఎన్ని అని లెక్క వస్తుంది. కొత్తగా చేరిన పిల్లలు ఇక్కడే కంగారుపడతారు, రిపోర్టులో ఏ నుంచి టీ అని ఉంటే ఇక్కడ టీ నుంచి ఏ కనిపిస్తోందేంటి అని. హెచ్‌బీబీ జీన్ మైనస్ స్ట్రాండ్ మీద ఉంది బాబూ, రిపోర్టు జీన్ వైపు నుంచి రాస్తుంది, ఐజీవీ ప్లస్ వైపు నుంచి చూపిస్తుంది, కింద జీన్ ట్రాక్‌లో బాణాలు ఎటు తిరిగున్నాయో చూస్తే చాలు.

వీసీఎఫ్‌లో (వేరియంట్ల జాబితా ఫైల్) పాస్, అంటే ఫిల్టర్లు దాటింది, అని ఉన్నా నేను నమ్మనివి కొన్నున్నాయి. వేరే బేస్ ఉన్న రీడ్లన్నీ ఒకే స్ట్రాండ్‌వి అయితే అనుమానమే, వరసగా ఏ (A) బేస్‌లు పది పన్నెండు ఉన్నచోట ఒక బేస్ డిలీషన్ అంటే ఇంకా అనుమానం. రీడ్లు తెల్లగా డొల్లగా కనిపిస్తే మ్యాపింగ్ క్వాలిటీ (రీడ్ ఆ చోటిదేనన్న నమ్మకం) సున్నా అన్నమాట, ఎస్ఎంఎన్1, ఎస్ఎంఎన్2 లాంటి కవల జీన్ల దగ్గర ఇదే గొడవ, ఏ రీడ్ ఏ జీన్‌దో వాటిని జీనోమ్ మీద పేర్చే అలైనర్‌కే తెలీదు.

నాకు బాగా నచ్చేది ఇంకోటి. ఒకే కోడాన్‌లో (ఒక అమినో యాసిడ్‌ని చెప్పే మూడు బేస్‌లు) పక్కపక్క బేస్‌లు రెండు మారితే కొన్ని పైప్‌లైన్లు (వేరియంట్లు వెతికే ప్రోగ్రాములు) రెండు వేరియంట్లుగా రాసి దేని ప్రభావం దానికే అనోటేట్ చేస్తాయి. ఐజీవీలో రెండు రంగులూ అవే రీడ్ల మీద కనిపిస్తే రెండూ ఒకే కాపీ మీదున్నట్టు, అప్పుడు వచ్చే అమినో యాసిడ్ ఆ రెండు లైన్లూ చెప్పింది కాకుండా ఇంకోటి కావచ్చు.

కానీ రెండు మార్పుల మధ్య దూరం రీడ్ పొడవు దాటితే ఈ సుఖం లేదు. ఎంవైబీపీసీ3 జీన్‌లో 25 బేస్‌ల డిలీషన్ ఉంది కదా, మన హైదరాబాద్ సీసీఎంబీ వాళ్లున్న టీమ్ 2009లో గుండె కండరాల జబ్బుతో ముడిపెట్టింది, మన ఉపఖండంలో సుమారు 4 శాతం మందిలో ఉంటుందన్నారు. ఐజీవీలో నల్ల గీత, దాని మీద 25 అంకె, చివర్లో రిఫరెన్స్‌తో అతకక తెగిన రీడ్ల ముక్కలు కూడా కనిపించడానికి సాఫ్ట్ క్లిప్ ఆన్ చేసుకోవాలి, అంతవరకు బానే ఉంది. అంతమందిలో ఉన్నదాన్ని సౌత్ ఏషియన్ కాలమ్ చూడకుండా, ప్రపంచం మొత్తం లెక్క చూసి అరుదైనది అనేస్తే రిపోర్టు తప్పుతుంది, కాబట్టి నోమ్యాడ్ (ఏ మార్పు ఏ జనాభాలో ఎంతమందిలో ఉందో చెప్పే డేటాబేస్), క్లిన్‌వార్ (ఏ మార్పుకి జబ్బుతో సంబంధం ఉందో చెప్పే డేటాబేస్) పక్కన తెరిచి పెట్టుకోవాల్సిందే. పైగా 2018లో అదే జీన్‌లో డీ389వీ అనే ఇంకో మార్పు కూడా తోడున్న క్యారియర్ల మీదికి అనుమానం మళ్లింది, ఆ రెంటి మధ్య దూరం వేల బేస్‌లు, షార్ట్ రీడ్లతో ఒకే కాపీ మీదున్నాయో లేదో ఐజీవీలో ఎంతసేపు చూసినా తేలదు, అమ్మానాన్నల శాంపిలో లాంగ్ రీడ్లో కావాలి.

సెట్టింగ్స్‌లో రెండు మార్చుకోండి. కవరేజ్ బార్‌కి రంగు డిఫాల్ట్‌గా 20 శాతం దాటితేనే పడుతుంది, మొజాయిక్ కేసులు (కొన్ని కణాల్లోనే మార్పు ఉండేవి) చూసేవాళ్లు తగ్గించుకోవాలి. డౌన్‌శాంప్లింగ్ (కొన్ని రీడ్లనే ఏరి చూపించడం) ఆన్‌లో ఉంటే ఒక్కోచోట చాలా రీడ్లున్న డీప్ డేటాలో రీడ్లన్నీ చూపించదు. ఇంక బయట నుంచి ఫైల్స్ వస్తే ముందు బిల్డ్ అడగండి, ఒక ల్యాబ్ మాకు బ్యామ్ (రీడ్లుండే ఫైల్) హెచ్‌జీ38లో, వీసీఎఫ్ పాత బిల్డ్ హెచ్‌జీ19లో పంపింది, ఏ పొజిషన్‌కి వెళ్లినా అంతా బూడిదే. ఇన్‌స్టాల్ చేయడం బద్ధకమైతే వెబ్ వెర్షన్ ఉంది, లోకల్ ఫైల్ సర్వర్‌కి అప్‌లోడ్ అవదు, పేషెంట్ డేటాకి ఇబ్బంది లేదు, నేను మాత్రం బ్యాచ్ స్క్రిప్ట్‌తో వందల స్నాప్‌షాట్లు తీసుకోడానికి డెస్క్‌టాప్‌దే వాడతా.