చేయి తిరిగిన వడ్రంగి తర్వాత కొనవలసింది ఏది: రూటరా, లేతా?

తలుపులు, కిటికీలు, మంచాలు చేస్తూ ఉలి, చిత్రిక, రంపం మీద పట్టు సాధించిన వడ్రంగి తన పని పరిధిని పెంచుకోవాలనుకుంటే, ముందుగా ఆలోచనకు వచ్చేవి రెండు: వేగంగా తిరిగే కోత మొనతో (బిట్టుతో) చెక్కలో గాళ్లు, అంచులు తీసే, చేత్తో నడిపే రూటర్, చెక్కను గిర్రున తిప్పే లేత్. వీటిలో మొదట రూటర్ కొనడమే మేలని నా అభిప్రాయం. ఆ వడ్రంగి ఇన్నేళ్లుగా నేర్చినదంతా దాని మీద మొదటి రోజు నుంచే అక్కరకు వస్తుంది.

తలుపు చట్రానికి బెజ్జాలు, అంటే మరో చెక్క కొస దూరి బిగిసే గుంతలు, తొలిచే పనినే తీసుకుందాం. ప్లైవుడ్‌తో ఒక అచ్చు కోసుకొని, రూటర్ అడుగున గైడ్ బుష్ (బిట్టు చుట్టూ ఉండి అచ్చు అంచును ఆనుకొని నడిచే లోహపు గొట్టం) బిగిస్తే బెజ్జాలన్నీ ఒకే కొలతలో వస్తాయి. బుష్ బయటి వ్యాసం 30 మిల్లీమీటర్లు, బిట్టు 12 మిల్లీమీటర్లు అయితే కోత అచ్చు అంచుకు 9 మిల్లీమీటర్లు లోపలికి పడుతుంది కనుక, అచ్చును ప్రతి వైపూ అంత పెద్దదిగా కోసుకోవాలి. బెజ్జం మూలలు గుండ్రంగా మిగులుతాయి. వాటిని ఉలితోనే చదరం చేయాలి. బిట్టు అందనంత లోతుంటే అడుగు భాగం కూడా ఉలి పనే. ఉలి పదును తెలియని కొత్తవాడు ఇక్కడే చిక్కుపడతాడు, పాతకాపు చిక్కుపడడు.

అయితే కొన్ని అలవాట్లు మార్చుకోక తప్పదు. చెక్క బయటి అంచు కోసేటప్పుడు, పైనుంచి చూస్తే, రూటర్‌ను గడియారం ముల్లుకు ఎదురు దిశలో నడపాలి. లోపలి ఖాళీ అంచు కోసేటప్పుడు ముల్లు తిరిగే దిశలోనే నడపాలి. దిశ తప్పితే బిట్టు చెక్కను పట్టుకొని యంత్రాన్ని ముందుకు లాగేస్తుంది. లోతుగా కోయవలసినదాన్ని ఒకేసారి కాక, కొద్దికొద్దిగా దించుతూ కోయాలి. పలక నాలుగంచులకూ నగిషీ తీసేటప్పుడు నారకు అడ్డంగా ఉన్న అంచులను ముందు ముగిస్తే, అక్కడ లేచిన పెచ్చులు తర్వాతి కోతలో పోతాయి. టేకులో ఉండే సిలికా పదునును త్వరగా తినేస్తుంది కాబట్టి కార్బైడ్ అనే గట్టి పదార్థపు మొనలున్న బిట్లే కొనాలి.

లేత్ సంగతి వేరు. ఇంతకాలం చెక్క కదలకుండా ఉంటే పనిముట్టు కదిలింది. ఇక్కడ చెక్క తిరుగుతుంటే పనిముట్టును నిలకడగా పట్టాలి. ముందు ఉలి ఏటవాలు భాగాన్ని చెక్కకు ఆనించి, ఆ తర్వాతే పిడిని మెల్లగా ఎత్తుతూ అంచును కోతకు తేవాలి. ఆ ఆనిక తప్పిన క్షణంలో ఉలి చెక్కలో దిగబడి, పని పాడవడమే కాక చేతికీ ప్రమాదం తెస్తుంది. చేతి తొడుగులు, వదులు చొక్కా, కండువా లేత్ దగ్గర అసలు కూడదు. పాత నేర్పులో ఇక్కడికి సూటిగా వచ్చేది సానపట్టడం, చెక్క స్వభావం తెలియడం మాత్రమే.

అంత కష్టపడితే దక్కేది తక్కువేమీ కాదు. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన ఏటికొప్పాక బొమ్మలకు అంకుడు కర్రను లేత్ మీద మలుస్తారు. తిరుగుతున్న కర్రకే లక్క కడ్డీని అదిమితే, రాపిడి వేడికి కరిగి రంగు పట్టుకుంటుంది. ఆ నునుపును రూటర్ ఎన్నటికీ ఇవ్వలేదు.

కంప్యూటర్ ఆదేశాలతో తనంతట తానే చెక్కే సీఎన్‌సీ యంత్రాన్ని ఈ పోటీలోకి తేను. సింహద్వారానికి చెక్కడం కావాలంటే ఆ యంత్రమున్న దుకాణంలో కూలికి చేయించుకోవడమే చిన్న పనివారికి లాభం.

ఏది కొన్నా ముక్కుకు మంచి మాస్కు, కళ్లకు అద్దాలు ఆ ఖర్చులోనే లెక్కవేసుకోవాలి. చెక్క పొడి క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ తేల్చింది.

మంచం కోళ్లు, మెట్ల కమ్మీలు, ఉయ్యాల బల్లలే ప్రధాన ఆదాయమైన వడ్రంగికి మాత్రం నా మాట వర్తించదు. అతను లేత్‌నే ముందు కొనాలి. చెక్క గిన్నెల జోలికి వెంటనే పోకుండా, రెండు కొనల మధ్య బిగించే పొడవాటి కర్రలతో మొదలుపెడితే చేయి త్వరగా కుదురుతుంది.