ఆదుర్రా, ద్రాక్షారామమా?

సంక్రాంతికి వచ్చే చుట్టాలు "ఒక్క పూటే ఉంది, ఏది చూపిస్తావ్?" అంటే నేను మన కోనసీమలో బౌద్ధ స్తూపం ఉన్న ఆదుర్రే అంటాను.

ద్రాక్షారామంలో చరిత్ర ఇంకా నడుస్తోంది. పంచారామాలనే ఐదు శివక్షేత్రాల్లో ఒకటి, తూర్పు చాళుక్యుల నాటి గుడి. రెండంతస్తుల ఎత్తు శివలింగం, పై అంతస్తులో అభిషేకం, ఎటు చూసినా శాసనాలు. ఎవరూ వివరించక్కర్లేదు.

ఆదుర్రులో అలా కాదు. గోదావరి వైనతేయ పాయకు దగ్గర్లో, కొబ్బరిచెట్ల నడుమ, చక్రం ఆకారంలో పేర్చిన ఇటుకలు. బౌద్ధ స్తూపంలో మిగిలింది అంతే. ఊళ్లోవాళ్లు దుబరాజు గుడి అనేవారు. 1953లో పురావస్తు శాఖ తవ్వకాలు జరిపింది. వంగి చూడండి, ఆ ఇటుకల ముందు మన ఇళ్ల ఇటుకలు చిన్నబోతాయి. ఆ ఇటుకల వెనకున్న ఆలోచన ఇంకా పెద్దది. యజ్ఞాల్లో జంతుబలి వద్దన్నది బుద్ధుడూ, మహావీరుడూ ఇద్దరూ. కానీ ప్రతి ప్రాణిలో శాశ్వతమైన జీవుడున్నాడని జైనులు, అసలు శాశ్వతమైన ఆత్మే లేదని బౌద్ధులు. బౌద్ధుల అంత పెద్ద ఆలోచన మన కోనసీమ దాకా నడిచొచ్చిందంటే నాకు ఒళ్లు పులకరిస్తుంది.

ఆరామం అనే మాట బౌద్ధ విహారాలకూ వాడేవారు. ఆదుర్రు చూసొచ్చాక ద్రాక్షారామం పేరు చెవికి కొత్తగా తగులుతుంది.

చిన్నపిల్లలు ఉంటే మాత్రం ద్రాక్షారామమే. ఆదుర్రుకైతే ఎండెక్కకముందే బయల్దేరండి, మంచినీళ్లు పట్టుకెళ్లండి.